వలందా చిత్రకారిణి రేచెల్ రాయిష్

వలందులు తెలుగువారికి క్రొత్తవారు కారు. పదునేడవ శతాబ్దపు తొలి దినములలోనే వారి వర్తకసంఘము మచిలీబందరులో కోఠీ తెఱచినది. బందరులోను భీమునిపట్టణములోను వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. మన తీరపు కలంకారీ బట్టలను ఓడల కెక్కించి, ఆమ్‌స్టర్‌డాము రేవున దింపి, అమ్మి ధనము గడించినవారు వారే. ధనము గడించిన వర్తకుడు ఇల్లు కట్టును. ఇల్లు కట్టినవాడు గోడలను బోసిగా నుంచ నొల్లడు. ఆ దేశము ప్రొటెస్టెంటు మతము నవలంబించిన పిదప అక్కడి దేవాలయములలో చిత్రపటములకు తావు లేకపోయెను. ఇతర దేశములందు చిత్రకారుని పోషించునది దేవాలయమో రాజాస్థానమో కాగా, వలందాదేశమున వానిని పోషించినవాడు గృహస్థుడు. ఆ గృహస్థునకు కావలసినది మహావీరుల యుద్ధము కాదు. తన కూర్చుండు గదిలోని గోడకు సరిపడు చిన్న పటము. అందులో ఒక రేవో, ఒక వంటయిల్లో, ఒక పూలకుండయో యున్న చాలును.

ఆ పూలకుండను చిత్రించుటయే వృత్తిగా గైకొని, అఱువదియేండ్లకు పైగా కుంచెను విడువని రేచెల్ రాయిష్ అను నామె జీవితమును శ్రోతలకు విన్నవించుట నేటి ప్రసంగ విషయము. ఆమె 1664లో హేగు నగరమున జన్మించి, 1750లో ఆమ్‌స్టర్‌డాములో కన్నుమూసెను.

ముందుగా ఈ చిత్రజాతిని గూర్చి ఒక మాట. పూవులు, పండ్లు, పాత్రలు, చచ్చిన పక్షులు మున్నగు కదలని వస్తువులను వ్రాసిన పటములను వలందులు స్టిల్లెవెన్ అందురు. కదలక యున్న జీవమని దాని భావము. ఫ్రెంచివారు అదే చిత్రమునకు నాతూర్ మోర్త్ అని పేరిడిరి, అనగా మృతప్రకృతి. ఈ రెండు పేళ్లలో వలందుల పేరే నాకు న్యాయముగా తోచుచున్నది. పేరు మాట యెట్లున్నను, పండితులు మాత్రము ఈ చిత్రములకు గౌరవస్థానము నీయలేదు. చరిత్రకథలను పురాణకథలను వ్రాయువాడు ఉత్తముడు, మనుష్యుల రూపములు వ్రాయువాడు మధ్యముడు, పూవులు పండ్లు వ్రాయువాడు అధముడు అని వారి లెక్క. సామ్యుయెల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ అను చిత్రకారుడు 1678లో ప్రకటించిన చిత్రకళాగ్రంథమున ఇట్టివారిని కళాసైన్యములోని మామూలు బంట్లతో పోల్చెను. ఆ మఱుసటి యేడే రేచెల్ ఆ బంట్లలో ఒకతెగా చేరుటకు కుంచె పట్టెను.

ఆడవారు పూలచిత్రములకే పరిమితులగుట కొక కారణము చెప్పుదురు. మానవశరీరమును నగ్నముగా నెదుట నిలుపుకొని వ్రాయు అభ్యాసము లేనిదే చరిత్రచిత్రములు వ్రాయ నలవి కాదు. ఆ అభ్యాసమునకు స్త్రీలను రానిచ్చువారు కారు. పూలకుండ యన్ననో, ఇంటనే యుండును. ఈ కారణము సామాన్యముగా సత్యమే. కాని రేచెల్ విషయమున ఇందొక వింత యున్నది. మానవశరీరములు ఏ యింట కఱవైనను ఆమె పుట్టింట మాత్రము కఱవు కాలేదు. ఆమె తండ్రి శవములను కోసి చూపు శరీరశాస్త్రజ్ఞుడు.

ఆమె తల్లివైపు చూతము. తల్లి పేరు మరియా పోస్ట్. ఆ తల్లి తండ్రి పీటర్ పోస్ట్, పదునేడవ శతాబ్దమున వలందాదేశపు గొప్ప భవనశిల్పులలో నొకడు. హేగు నగరమునకు చేరువనున్న హౌస్ టెన్ బోష్ రాజగృహము 1645లో ఆయన నిర్మింప మొదలిడినది. నేడు చిత్రశాలగా ప్రసిద్ధి చెందిన మౌరిట్స్‌హౌస్ భవన నిర్మాణమునను ఆయన చేయి యున్నది. ఆయన తండ్రి కిటికీ గాజుల మీద రంగుల బొమ్మలు వ్రాయువాడు. ఆయన తమ్ముడు ఫ్రాన్స్ పోస్ట్ 1637లో బ్రెజిలు దేశమునకు పోయి, అమెరికాఖండపు ప్రకృతిని కన్నులార చూచి చిత్రించిన తొలి ఐరోపా చిత్రకారుడని పేరుగాంచెను. ఈ విధముగా తల్లివైపు మూడు తరములుగా రంగులును రేఖలును ఇంటి సొమ్ము.

తండ్రి ఫ్రెడరిక్ రాయిష్ చిత్రకారుడు కాడు. హేగులో మందుల దుకాణముతో జీవనము మొదలిడి, వైద్యము చదివి, 1667లో ఆమ్‌స్టర్‌డాము శస్త్రవైద్యుల సంఘమునకు శరీరశాస్త్రోపన్యాసకుడుగా నియమింపబడెను. అప్పటికి రేచెల్‌కు మూడేండ్లు. ఆయన కాపురము పెట్టిన వీధి పేరు బ్లూమ్‌గ్రాక్ట్; తెలుగున పూలకాలువ. పూలచిత్రముల వలన పేరు పొందనున్న పిల్ల పెరిగిన వీధికి ఆ పేరుండుట కేవలము కాకతాళీయమే యైనను చెప్పక మానలేకపోయితిని.

ఆ యింటిలో ఏమేమి యుండెను? మృతశరీరముల నాళములలోనికి రంగు కలిపిన ద్రవమును ఎక్కించి, బ్రదికియున్నప్పటి చాయ చెడకుండ నిలుపు విద్య ఫ్రెడరిక్ సాధించెను. ఆ రహస్యమును ఆయన చాలకాలము ఇతరులకు తెలుపలేదు. గాజుకూజాలలో శిశువుల అవయవములు, వాని చేతులకు లేసు అల్లికల అంచులు, పై మూతల మీద ఎండిన పూవులు, గవ్వలు, సీతాకోకచిలుకలు అమర్చెడివాడు. పసిబిడ్డల ఎముకల గూళ్లను రాళ్లగుట్టల మీద నిలిపి, మానవజీవితము క్షణభంగురమని చాటు దృశ్యములు కల్పించెడివాడు. మన కది రోత గొల్పవచ్చును. నాటివారికి అది శాస్త్రమును, వైరాగ్యబోధయు, వినోదమును గూడ. దూరదేశముల నుండి జనులు ఆ సంగ్రహమును చూడవచ్చెడివారు. రుష్యా చక్రవర్తి మహాపీటరు 1697లో వచ్చి చూచెను. రెండవమాఱు 1717లో వచ్చి, 30,000 గిల్డరుల వెలకు ఆ సంగ్రహమంతయు కొని పీటర్సుబర్గునకు తరలించుకొనిపోయెను. 1685 నుండి ఫ్రెడరిక్ నగరపు వృక్షోద్యానమున వృక్షశాస్త్రాచార్యుడుగ నుండెను. అందుచేత సముద్రములు దాటి వచ్చిన అపూర్వపు మొక్కలు మొట్టమొదట చూడగలిగిన కన్నులలో రేచెల్ కన్నులును ఉండెను.

తండ్రి శవపరీక్షలను ఆనాటి చిత్రకారులు ఇరువురు పెద్ద పటములుగా వ్రాసిరి. 1683లో యాన్ వాన్ నెక్ వ్రాసినదానిలో చిన్నబిడ్డ యెముకలగూడు పట్టుకొని ఒక పిల్లవాడు నిలిచియుండును. అతడు ఫ్రెడరిక్ కుమారుడు హెన్‌డ్రిక్. తండ్రి వృత్తి కుమారునిది. పటములో కుమార్తెకు చోటు లేదు. కాని ఆ కుమార్తె అప్పటికే తన పటములపై తన పేరు తాను వ్రాసికొనుచున్నది.

ఇచ్చట కొంచె మాగవలెను. చిత్రకారుల వంశమున పుట్టుటచేత ఈమెకు చిత్రకళ అబ్బినదని ఒక్కమాటతో తేల్చివేయువారున్నారు. ఆనాడు చిత్రకారిణులైన స్త్రీలలో పెక్కురు చిత్రకారుల కూతుండ్రే. తండ్రి చిత్రశాలలోనే రంగులు నూఱుచు, నేర్చుకొనుచు, ఆయనకు సాయపడుచు ఎదిగినవారే. వారి చిత్రములు తండ్రి పేరనో అన్న పేరనో చెల్లిపోయినను ఆశ్చర్యము లేదు. రేచెల్ సంగతి అట్టిది కాదు. ఆమె తాత పీటర్ పోస్ట్ 1669లోనే గతించెను. అప్పటికి ఆమెకు అయిదేండ్లు. తండ్రికి కుంచెపని వృత్తి కాదు. కనుక ఆమె నేర్వవలెనన్న, ఎవరో యొకరు నిశ్చయించి, గడప దాటించి, గురువునొద్ద చేర్పవలసియుండెను. 1679లో ఫ్రెడరిక్ ఆ పని చేసెను. పదునేనేండ్ల కుమార్తెను, నగరమున పుష్పచిత్రకారులలో మేటియైన విల్లెమ్ వాన్ ఆల్స్ట్ నొద్ద శిష్యురాలిగా చేర్చెను. ఆ వయసున కుమారులను అప్పగించుట వాడుక; కుమార్తెను అప్పగించుట అరుదు. వంశము కన్న ఈ నిశ్చయమే ఆమె జీవితమున ముఖ్యమైన సంగతి యని నా అభిప్రాయము.

గురువు సామాన్యుడు కాడు. యౌవనమున ఇటలీకి పోయి ఫ్లారెన్సునగరములో మెదిచీ ప్రభువుల ఆశ్రయమున పనిచేసి వచ్చినవాడు. అంతకు పూర్వపు పుష్పచిత్రములలో పూవులు కుండ నడుమ నిలువుగా, ఇరుప్రక్కల సమముగా, బారులు తీర్చిన సైనికులవలె నుండెడివి. వాన్ ఆల్స్ట్ ఆ సమత్వమును చెడగొట్టెను. గుత్తి ఒక ప్రక్కకు ఒరగును. ఒక పూవు మనకు వీపు త్రిప్పును. ఒక కాడ తెగి బల్లయంచున వ్రేలాడును. రేచెల్ ఈ రీతిని గ్రహించి, తుద కాతనికంటె సహజముగా వాడుకొనెను. 1683లో గురువు మరణించు నాటికి ఆమెకు పందొమ్మిదేండ్లు. అటుపిమ్మట ఆమె యెవ్వరి క్రిందను పనిచేయలేదు.

ఆమె తొలి చిత్రములలో కొన్ని అడవి నేలను చూపునవి. చెట్టు మొదలు, నాచు, పుట్టగొడుగు, ఒక బల్లి, ఒక కప్ప, వానినడుమ అక్కడ మొలవదగని తోటపూవు. నాచు మెత్తదనము కనబఱచుటకు నిజమైన నాచునే రంగులో ముంచి పటముపై అద్దెడిది. మన అద్దకపు పనివారు ఈ యుక్తి విని నవ్వుకొందురు గాబోలు. అచ్చువేయుట వారికి నిత్యకృత్యమే గదా.

పూలకుండల చిత్రములను చూచువారికి ఇది ఎదుట కుండ నుంచుకొని వ్రాసినది గదా యని తోచును. అట్లు కాదు. తులిప్ పూవు వసంతారంభమున పూయును. గులాబి వేసవిలో విచ్చును. గసగసాల పూవు వేఱొక నెలలో. ద్రాక్ష పండునప్పటికి తులిప్ దుంప మరల మట్టిలో నిద్రించుచుండును. ఆమె చిత్రములోని గుత్తి భూమి మీద ఏ దినమునను ఏ కుండలోను ఉండి యెఱుగదు. పూచిన కాలమున ఒక్కొక్కదానిని పరిశీలించి దాచుకొని, నెలల తరబడి ఒకే పటములో కూర్చవలెను. అట్లు కూర్చియు ఒకే గాలి, ఒకే వెలుగు వాని నన్నిటిని తాకినట్లు చూపవలెను. నల్లని వెనుకటి చీకటి నుండి పూవులు వెలుగులోనికి వచ్చును. పలుచని నూనెరంగుల పూతలు ఒకదానిపై నొకటి ఆఱబెట్టుచు వేయుటచేత రేకులో నెత్తురు పాఱినంత సజీవత కలుగును. ఆకులో పురుగు తొలిచిన రంధ్రమును, దాని చుట్టు పండుబాఱిన యంచును ఆమె విడువదు. కాడ మీద చీమ యెక్కుచుండును. తండ్రి కత్తితో విప్పి చూచినదానిని కూతురు కుంచెతో విప్పి చూచినదని నా కనిపించును. తండ్రి శాస్త్రమునకును కూతురి కళకును నడుమ నేను గోడ కట్టజాలను.

నీలిరంగు గాజుపాత్రలో ఆమె అమర్చిన ఒక గుత్తిలో ఉమ్మెత్త జాతి పూవు, ముండ్లజెముడు, అత్తికొమ్మ కనబడును. మన ఊరిబయట దిబ్బల మీద ఎవరును ముట్టని ఉమ్మెత్తకు అక్కడ గులాబితో సరియాసనము! దూరదేశపుదగుటయే దానికి గౌరవము. ఆ మొక్కలు ఆమ్‌స్టర్‌డాము చేరిన త్రోవను మాత్రము మఱువరాదు. వానిని తెచ్చిన ఓడలు సూరినామునకును, ఆఫ్రికా దక్షిణాగ్రమునకును, సింహళమునకును, మన తీరమునకును తిరిగిన వర్తకపు టోడలు. సూరినాము చెఱకుతోటలలో పనిచేసినవారు బానిసలు. అదే సూరినామునకు 1699లో మరియా సిబిల్లా మేరియన్ అను మఱొక చిత్రకారిణి కుమార్తెను వెంటబెట్టుకొని పోయి, పురుగుల రూపాంతరములను చిత్రించి, 1705లో ఆమ్‌స్టర్‌డాముననే గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రంథపీఠికలో ఆమె తాను చూచిన సంగ్రహములలో ఫ్రెడరిక్ రాయిష్ సంగ్రహమును పేర్కొనెను. ఒకే నగరమున, ఒకే కాలమున, చిత్రకారుల కుటుంబములకు చెందిన యిరువురు స్త్రీలు. ఒకతె పురుగును వెదకుచు సముద్రము దాటినది, ఒకతె సముద్రము దాటి వచ్చిన పూవును ఇంటనుండి చిత్రించినది.

1693లో, ఇరువదితొమ్మిదేండ్ల వయసున, రేచెల్ యూరియన్ పోల్ అను రూపచిత్రకారుని వివాహమాడెను. ఆ కాలమునకు అది ఆలస్యపు పెండ్లి. అప్పటికే ఆమె పేరుపొందిన చిత్రకారిణి. పెండ్లియైన తరువాతను పటములపై పుట్టింటి పేరే వ్రాసికొనెను. వారికి పదిమంది బిడ్డలు కలిగిరి. పదిమంది బిడ్డల తల్లి ఇంత సూక్ష్మమైన పని ఎట్లు చేసెనని చరిత్రకారు లందఱును ఆశ్చర్యపడుదురు. పదిమంది బిడ్డల తండ్రి యైన చిత్రకారుని గూర్చి ఎవ్వరును అట్లు ఆశ్చర్యపడినట్లు చదువలేదు. సమాధానము కొంత తేటగనే యున్నది. ఆమె పటముల వెల ఇంటిలో పనివారిని పెట్టుకొనుటకు చాలియుండెను. భర్తయు చిత్రకారుడే గనుక, రంగు ఆఱకముందు లేచిపోరాదన్న సంగతి ఆయనకు చెప్పవలసిన పని లేదు.

వెలల మాట వచ్చినది గనుక చెప్పెదను. ఆమె పటమొక్కటి 750 మొదలు 1,200 గిల్డరుల దాక పలికెను. రెంబ్రాంట్ జీవించియుండగా ఆయన పటములకు 500 గిల్డరులు దాటుట అరుదు. ఇందువలన రెంబ్రాంట్ తక్కువవాడు కాడు. పూవులు వ్రాయువాడు అధముడన్న పండితుల లెక్కను సంతలోని వర్తకుడు లెక్కపెట్టలేదని మాత్రము తేలును. 1637కు ముందు వలందాదేశమును తులిప్ పిచ్చి పట్టినప్పుడు ఒక్క దుంపకు ఇంటివెల పలికినదని ప్రతీతి. నాడు పూవు కొనలేనివాడు పూవు పటము కొనెనందురు. రేచెల్ నాటికి తాఱుమాఱై, ఆమె పటము కొనలేనివాడు పూవు కొని తృప్తిపడవలసివచ్చెను.

1701లో హేగునగరపు చిత్రకారుల సంఘము భర్తతోపాటు ఆమెను సభ్యురాలిగ చేర్చుకొనెను. ఆ సంఘమున చేరిన తొలి స్త్రీ ఆమె. ఏడేండ్లకు, 1708లో, జర్మనీదేశమున డుస్సెల్‌డార్ఫు రాజధానిగ నేలుచున్న పాలటినేటు ప్రభువు యోహాన్ విల్‌హెల్మ్ ఆమెను ఆస్థానచిత్రకారిణిగ నియమించెను. రాజాశ్రయ మన్న, రాజు పిలిచినప్పుడు పోయి, నిలువుమన్నచోట నిలువవలసినదని మన కవుల చరిత్రలు చెప్పును. ఈమె నియామకపు షరతు వేఱు. ఆమ్‌స్టర్‌డాములోని తన యింటనే యుండి, ఏడాదికొక పటము పంపిన చాలును, వేతనము వచ్చుచునేయుండును. బిడ్డలను, చిత్రశాలను, తండ్రి పూలతోటను విడువకుండ ఇంతటి పదవి నిర్వహించిన నేర్పు మెచ్చదగినది. 1711లో, ఆమెకు నలుబదియేడేండ్ల వయసున, పుట్టిన కుమారునికి ఆ ప్రభువు పేరే, యాన్ విల్లెమ్ అని, పెట్టిరి. ప్రభువే ఆ బిడ్డకు జ్ఞానపిత యయ్యెను.

ఆ యేడే వ్రాసిన పటమొకటి ఫ్లారెన్సు నగరపు ఉఫీజీ చిత్రశాలలో నున్నది. ప్రభువు తన మామయగు మూడవ కోసిమో మెదిచీకి దానిని కానుకగ పంపెను. గురువు యౌవనమున కొలిచిన వంశమునకే శిష్యురాలి పటము కానుకగా పోయినది. అడవి నేలమీద పీచిపండ్లు, ద్రాక్షలు కుప్పపడియున్నవి. ప్రక్కనే గ్రుడ్లతో నొక పక్షిగూడు. ఒక బల్లి ఆ గ్రుడ్లను సమీపించుచున్నది. సీతాకోకచిలుక లెగురుచున్నవి. పండ్ల నిగనిగను చూచి ఆనందించు కన్ను ఆ బల్లి దగ్గఱకు వచ్చునప్పటికి ఉలికిపడును. తల్లిపక్షి లేదు. మఱుక్షణమున జరుగనున్నదానిని ఆమె చెప్పదు. ఇందులో కదలని వస్తువేది?

1716లో ప్రభువు మరణించెను; పదవియు దానితో ముగిసెను. ఆ యేడు భర్త వ్రాసిన కుటుంబచిత్రము డుస్సెల్‌డార్ఫులో నున్నది. అందులో ఆయన, భార్య, చిన్నవాడు యాన్ విల్లెమ్ ఉన్నారు.

1723లో ఒక విచిత్రము జరిగెను. రేచెల్, భర్త, ఒక కుమారుడు కలిసి కొన్న లాటరీచీటికి పెద్ద బహుమానము తగిలి, అఱువదివేల గిల్డరులకు తక్కువగాని మొత్తము చేతికి వచ్చినది. తండ్రి జీవితకాలపు సంగ్రహమునకు చక్రవర్తి యిచ్చినదానికి అది రెండింతలు! ఇక పటములు వ్రాసి బ్రదుకవలసిన పని లేదు. ఆ తరువాతి కొన్నియేండ్లలో ఆమె పటములు తక్కువగనే కనబడును. కాని మానివేయలేదు. 1731లో తొంబదిరెండేండ్ల తండ్రి గతించెను. 1745లో భర్త గతించెను. ఆమె మరల వ్రాయుచునే యున్నది. పటములు చిన్నవైనవి; రంగులు తేలికపడినవి. ఈ కడపటి పటముల మీద పేరు ప్రక్కన తన వయసును గూడ వ్రాయసాగెను. 1747లోని పటముపై ఎనుబదిమూడు అని యున్నది. వయసు దాచుకొనుట స్త్రీలకు సహజమని పరిహసించువారికి ఈ సంతకము చూపవలెను.

1750లో యోహాన్ వాన్ గోల్ అను రచయిత తన చిత్రకారుల చరిత్రలో ఆమె జీవితమును ప్రకటించెను. ఆ యేడే ఆమెను కొనియాడిన పద్యములు ఒక సంపుటముగా వెలువడినవి. అక్టోబరు 12వ తేదీన ఆమె మరణించెను. కీర్తిని చెవులార విని పోయిన చిత్రకారులు కొందఱే. ఆమె వారిలో నొకతె.

మఱి మఱపు ఎప్పుడు వచ్చినది? ఆమె జీవించినప్పుడు కాదు, ఆమె పోయిన తరువాత. చిత్రకళకు చరిత్రలు వ్రాయ మొదలిడినవారు, సంతలోని వెలలను విడిచి, హోగ్‌స్ట్రాటెన్ వంటి పండితుల మెట్లనే పట్టుకొనిరి. పుష్పచిత్రము అలంకారమాయెను, స్త్రీ వ్రాసినది కనుక మఱింత అలంకారమాయెను. డుస్సెల్‌డార్ఫు సంగ్రహము 1806లో మ్యూనిచి నగరమునకు తరలిపోగా, ఆమె పటములును దానితో పోయి భద్రముగ నుండెను. భద్రముగ నుండుట వేఱు, చరిత్రలో నుండుట వేఱు. ఆమ్‌స్టర్‌డాము రైక్స్ మ్యూజియము 1885లో ఇప్పటి భవనములో తెఱువబడినప్పటి నుండి దాని గౌరవమండపమున స్త్రీల పటము లేదు. 2021లో మొదటిసారి ముగ్గురు స్త్రీల చిత్రములు అక్కడ నిలిపినప్పుడు, ఆ ముగ్గురిలో రేచెల్ ఒకతె.

ఇంత చెప్పియు ఒకరి మాట దాటవేసితిని. రేచెల్‌కు రెండేండ్లు చిన్నదైన ఆన్నా అను చెల్లెలున్నది. అదే యిల్లు, అదే తండ్రి, అవే కూజాలు, అవే పూవులు. ఆమెయు చిత్రకారిణియే, పనితనమున అక్కకు ఎంతో తీసిపోదు. 1688లో రంగుల వర్తకునొకని పెండ్లాడెను. ఆమె పేరుతో నేడు కనబడు పటములు మిక్కిలి కొద్ది. సంతకము లేనివానిని ఇతరుల చేతిపనిగా ఎంచినవారును కలరు. వంశమే కళ నిచ్చునదైనచో ఇరువురికిని సమానముగ నీయవలసినది. తాను చేసినదానిపై తన పేరు వ్రాయుట, దానికి తగిన వెల యడుగుట, పెండ్లికి ముందే వృత్తిలో నిలద్రొక్కుకొనుట, పెండ్లి తరువాత ఆ వృత్తిని విడువమనని మగడు దొరకుట, ఇవి వంశము నిచ్చునవి కావు. వీనిలో కొన్ని అక్క తెచ్చుకొన్నవి, కొన్ని అక్కకు అబ్బినవి. చెల్లెలు రంగుల దుకాణమున అమ్మిన రంగులతో ఎందఱెందఱు పటములు వ్రాసిరో!

2024 నవంబరులో మ్యూనిచి నగరమున రేచెల్ రాయిష్ చిత్రములకు మొట్టమొదటి మహాప్రదర్శనము జరిగెను. 2025లో అది అమెరికాకు పోయి, ముందు టొలీడోలోను, పిదప బోస్టనులోను ప్రజలకు చూపబడెను. అందు అక్క పటములకు తోడుగ చెల్లెలు ఆన్నా పటములును వ్రేలాడదీసి, క్రింద ఆమె పేరు ఆమెకే వ్రాసిరి.